వైఫై మారినా, టవర్ మారినా లైన్ తెగకూడదంటే: ఒకే చిరునామాను పంచుకునే నెట్‌వర్క్‌ల మీదుగా సొంత దారి వేసుకునే పద్ధతి

పలాసలో మా బావకి చిన్న జీడి ఫ్యాక్టరీ ఉంది. ఆఫీసు గదిలో ట్యాలీ ఉన్న కంప్యూటర్ ఒకటి, కెమెరాల రికార్డర్ ఒకటి. వారంలో రెండు రోజులు పని మీద విజయనగరం వచ్చి మా ఇంట్లోనే ఉంటాడు. ఒక రాత్రి అన్నం తింటూ ఫోన్ నా చేతికిచ్చాడు. "ఫ్యాక్టరీలో ఉన్నంతసేపూ కెమెరా బాగానే కనిపిస్తాది. గేటు దాటితే ఆగిపోతాది. మీ ఇంటికొస్తే ఏటో వేరే పేజీ వస్తాది. ఏటిదంతా బావా?"

ఆ వేరే పేజీ మా ప్రింటర్‌ది. ఫ్యాక్టరీలో రికార్డర్ నంబరు 192.168.1.64. మా ఇంట్లో ప్రింటర్ నంబరు కూడా 192.168.1.64. ఫోన్ బ్రౌజర్లో ఆ నంబరు కొడితే, ఫోన్ ఏ వైఫై మీద ఉంటే ఆ ఇంటి 64ని పట్టుకొస్తుంది. బావ చెప్పింది ఒకే సమస్యలా వినిపించినా అందులో మూడున్నాయి. గేటు దాటగానే ఫోన్ చిరునామా మారిపోవడం ఒకటి. బయటి నుంచి ఫ్యాక్టరీ లోపలికి దారే లేకపోవడం ఇంకొకటి. రెండిళ్లలో ఒకే నంబర్లు ఉండటం మూడోది. మూడింటికీ విడివిడిగా మందు వేయాలి. ఒకదానికే వేసి ఊరుకున్నవాళ్లే ఎక్కువమంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

చిరునామాలు ఎందుకు పంచుకుంటున్నాం

192.168.1.64 లాంటి నంబరునే ఐపీ చిరునామా అంటారు. ఈ పాత తరం ఐపీ చిరునామా 32 బిట్లది. మొత్తం కలిపి సుమారు 429 కోట్ల నంబర్లు. ప్రపంచ స్థాయిలో పంచడానికి మిగిలిన చివరి గుత్తులు 2011 ఫిబ్రవరిలో అయిపోయాయి. మన ఆసియా పసిఫిక్ ప్రాంతపు నిల్వ కూడా అదే ఏప్రిల్‌లో అడుగంటింది. అందుకని ఇంటర్నెట్ కంపెనీలు ఒక్క బయటి నంబరు వెనక చాలా ఇళ్లను కూర్చోబెడతాయి. ఇంట్లో రౌటర్ ఒకసారి నంబరు మారుస్తుంది, కంపెనీ దగ్గర పెద్ద పెట్టె ఇంకోసారి మారుస్తుంది. ఈ మార్పునే నాట్ అంటారు, కంపెనీ స్థాయిలో చేసేదాన్ని సీజీనాట్ అంటారు.

దీన్ని బావకి వలస కూలీల సైటుతో పోల్చి చెప్పాను. మా జిల్లాల్లో వలస తెలియని ఊరు లేదు కాబట్టి వెంటనే అర్థమైంది. హైదరాబాద్‌లో పెద్ద బిల్డింగ్ సైటు ఉందనుకోండి. గేటు దగ్గర వాచ్‌మన్, ఆయన దగ్గర ఒక పుస్తకం. లోపలి మనిషి బయటికి కబురు పంపితే వాచ్‌మన్ పుస్తకంలో రాసుకుంటాడు, జవాబు వస్తే ఆ మనిషికి అందిస్తాడు. లోపలివాళ్లు ఎవరూ ముందు అడగకుండా బయటి నుంచి ఎవరైనా వస్తే, ఎవరి కోసమో తెలియక వెనక్కి పంపేస్తాడు. కొంతసేపు కబుర్లేమీ నడవకపోతే ఆ పేరు కొట్టేస్తాడు. నాట్ చేసే పని సరిగ్గా ఇదే.

ఇక మనిషి ఒక సైటు నుంచి ఇంకో సైటుకి మారితే? ఊళ్లో ఉన్న అన్నకి ఫోన్ చేసి "ఇప్పుడు ఫలానా చోట ఉన్నాను" అంటాడు. ఉత్తరాలన్నీ ఊరి చిరునామాకే వస్తాయి, అన్న వాటిని కొత్త చోటికి తిప్పి పంపుతాడు. 1996లో వచ్చిన మొబైల్ ఐపీ అనే పద్ధతి అచ్చంగా ఇలాంటిదే. ఊళ్లో అన్న ఉండే స్థానానికి హోమ్ ఏజెంట్ అని, తాత్కాలిక చిరునామాకి కేరాఫ్ అడ్రస్ అని పేరు పెట్టారు. మనం వాడే కేరాఫ్ మాటే అది. కాకపోతే ఆ పద్ధతిలో తిప్పి పంపే ప్యాకెట్లకు (నెట్‌లో సమాచారం వెళ్లే ముక్కలకు) పోర్టు నంబర్లు, అంటే ఆ చిరునామాలో ఏ ప్రోగ్రాంకి చేరాలో చెప్పే అంకెలు, ఉండేవి కావు. వాచ్‌మన్ పుస్తకంలో రాసుకునేది పోర్టు నంబరునే, కాబట్టి నాట్ దగ్గరకొచ్చేసరికి దారి మూసుకుపోయేది. 2003లో దానికి విరుగుడుగా ప్యాకెట్‌ని యూడీపీ (పోర్టు నంబర్లుండే ఒక తేలికైన పంపిణీ పద్ధతి) కవర్లో పెట్టి 434 పోర్టు మీద పంపే పద్ధతి ఖాయం చేశారు. వాచ్‌మన్ పేరు కొట్టేయకుండా మామూలుగా 110 సెకన్లకు ఒకసారి చిన్న పలకరింపు పంపాలని కూడా అందులో ఉంది.

ఈరోజు మన ఇళ్లలో మొబైల్ ఐపీ వాడక్కర్లేదు. అదే ఆలోచనను సులువుగా చేసే పనిముట్టు వైర్‌గార్డ్. 2020లో లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం గుండెకాయలోనే (కెర్నల్) చేరింది, ఉచితం, ఆండ్రాయిడ్, ఐఫోన్, విండోస్ అన్నిటికీ యాప్ ఉంది. ఇందులో పరికరాన్ని గుర్తుపట్టేది చిరునామాతో కాదు, తాళంచెవితో. సరైన కీతో మూసిన ప్యాకెట్ ఎక్కడి నుంచి వస్తే, ఇక జవాబులు అక్కడికే పంపుతుంది. ఫోన్ నెట్‌వర్క్ మారి కొత్త నంబరుతో ఒక్క ప్యాకెట్ పంపితే చాలు, ఊళ్లో అన్నకి కబురందినట్టే.

మొదట, మీ ముందు ఎన్ని గేట్లున్నాయో చూడండి

రౌటర్ పేజీ తెరిచి వాన్ ఐపీ (రౌటర్‌కి బయటి వైపు ఉన్న చిరునామా) అని ఉన్నచోట నంబరు రాసుకోండి. తర్వాత అదే వైఫై మీద గూగుల్లో "వాట్ ఈజ్ మై ఐపీ" అని వెతికి, వచ్చిన పాత తరం నంబరు పక్కన రాయండి. రెండూ ఒకటే అయితే ఒకే గేటు, అది మీ రౌటరే. వేరైతే బయట ఇంకో గేటు ఉంది. వాన్ ఐపీ 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే అది సీజీనాటే, ఆ నంబర్లను 2012లో ఇందుకోసమే పక్కన పెట్టారు. కొన్ని కంపెనీలు అక్కడ 10తో మొదలయ్యే నంబర్లు కూడా ఇస్తాయి.

ఫ్యాక్టరీలో అంతకుముందు ఎవరో రౌటర్లో పోర్టు ఫార్వార్డింగ్ (బయటి నుంచి వచ్చినదాన్ని లోపలి ఫలానా పరికరానికి అందించమనే సెట్టింగ్) పెట్టి, "ఇక బయటి నుంచి వస్తుంది" అని డబ్బులు తీసుకుని వెళ్లారు. మన గేటు తీసి పెట్టినా ముందున్న కంపెనీ గేటు మూసే ఉంది, అందుకే రాలేదు. మీకూ రెండు గేట్లుంటే పోర్టు ఫార్వార్డింగ్ మీద ఒక్క గంట కూడా ఖర్చు పెట్టకండి.

లోపలి నంబర్లు వేరు చేయండి

దీన్ని వాయిదా వేయాలనిపిస్తుంది. వద్దు, ముందే చేయండి. చాలా రౌటర్లు పెట్టెలోంచి తీసేటప్పటికే 192.168.1 లేదా 192.168.0 వరసతో వస్తాయి. రెండు చోట్లా అదే వరస ఉంటే, తర్వాత ఎంత మంచి దారి వేసినా ల్యాప్‌టాప్ "64 అంటే ఏ ఇంటి 64?" అని తికమక పడుతుంది. ఫ్యాక్టరీ రౌటర్లో లాన్ (లోపలి నెట్‌వర్క్) సెట్టింగ్స్‌కి వెళ్లి వరసను 192.168.73గా మార్చాను. 73కి ప్రత్యేకత ఏమీ లేదు, ఎవరూ వాడనిదైతే చాలు. రికార్డర్‌కి, కంప్యూటర్‌కి కొత్త వరసలో స్థిర నంబర్లు ఇచ్చాను. ఫ్యాక్టరీ మూసిన తర్వాత చేయండి, మార్చగానే అన్ని పరికరాలకూ ఒకసారి నెట్ పోతుంది.

మన సొంత దారికి మూడో వరస కావాలి. 10.77.0 తీసుకున్నాను. అద్దె సర్వర్‌కి (దాని సంగతి కింద చెబుతాను) 10.77.0.1, ఫ్యాక్టరీకి 10.77.0.2, బావ ఫోన్‌కి 10.77.0.11, ల్యాప్‌టాప్‌కి 10.77.0.12. ఈ నంబర్లు పరికరం ఎక్కడికెళ్లినా మారవు. ట్యాలీ కంప్యూటర్‌తో మాట్లాడే ప్రోగ్రాంకి కనిపించేది ఇదే నంబరు కాబట్టి, కింద వైఫై పోయి మొబైల్ డేటా వచ్చినా కనెక్షన్ తెగదు, కాసేపు ఆగి మళ్లీ కదులుతుంది.

ఊళ్లో అన్న: అద్దె సర్వర్

ఫోనూ గేటు వెనకే, ఫ్యాక్టరీ కూడా గేటు వెనకే. ఇద్దరూ కలుసుకోవడానికి గేటు లేని చోటు ఒకటి కావాలి. సొంత బయటి నంబరున్న చిన్న సర్వర్‌ని నెల అద్దెకు తీసుకోండి. ముంబై, హైదరాబాద్, చెన్నై లాంటి మన దేశపు డేటా సెంటర్‌లోదైతే మేలు, ప్రతి ప్యాకెట్ అక్కడికెళ్లి రావాలి కదా. అన్నిటికన్నా చిన్న ప్లాన్ సరిపోతుంది, కెమెరా వీడియో అంతా దాని మీదుగానే వెళ్తుంది కాబట్టి నెలవారీ డేటా పరిమితి మాత్రం చూసుకోండి.

సర్వర్లో వైర్‌గార్డ్ ఇన్‌స్టాల్ చేసి, వినే పోర్టు 51820 పెట్టండి. ఐపీ ఫార్వార్డింగ్ ఆన్ చేయండి, అది లేకపోతే సర్వర్ తనకొచ్చిన ప్యాకెట్‌ని ఇంకొకరికి అందించదు. ఫైర్‌వాల్ రెండు చోట్ల ఉంటుంది: సర్వర్ లోపల ఒకటి, అద్దెకిచ్చిన కంపెనీ కంట్రోల్ ప్యానెల్లో ఇంకొకటి. రెండింట్లోనూ 51820ని యూడీపీకి తెరవాలి. టీసీపీ అనే ఇంకో పద్ధతికి తెరిచి యూడీపీకి మరిచిపోయి సాయంత్రమంతా టెన్షన్ పడేవాళ్లను చూశాను.

ఇంత చేసే తీరిక లేనివాళ్లకి టెయిల్‌స్కేల్ ఉంది. అది కూడా వైర్‌గార్డ్ మీదే నడుస్తుంది, మధ్యలో అన్న పాత్ర వాళ్ల సర్వర్లు చూసుకుంటాయి. మంచి పనిముట్టే. దారి మీద పూర్తి పట్టు మన చేతిలో ఉండాలనుకుంటే మాత్రం సొంతంగా వేసుకోవడమే నాకిష్టం.

ఒక్కో పరికరానికి ఒక్కో కీ

ఫోన్లో వైర్‌గార్డ్ యాప్ తెరిచి, ప్లస్ గుర్తు నొక్కి, కొత్త టన్నెల్ (మన సొంత దారికి యాప్‌లో ఉన్న పేరు) సృష్టించండి. ప్రైవేట్ కీ, పబ్లిక్ కీ అక్కడే పుడతాయి. పబ్లిక్ కీని వాట్సాప్‌లో పంపినా ప్రమాదం లేదు, దాన్ని సర్వర్లో పీర్‌గా (ఈ దారిలో కలిసే ఒక పరికరంగా) చేర్చాలి. ప్రైవేట్ కీ ఆ ఫోన్ దాటి బయటికి రాకూడదు.

మా ఇంట్లో ఈ ఒక్క విషయం రెండు రోజులు తినేసింది. బావ ఫోన్లో అంతా కుదిరాక మా అప్ప తన ఫోన్లో కూడా కావాలంది. త్వరగా అయిపోతుందని బావ ఫోన్లోని ఫైలునే అప్ప ఫోన్లో ఎక్కించాను. ఇద్దరికీ కాసేపు వస్తుంది, కాసేపు పోతుంది. బావ కెమెరా చూస్తుంటే అప్పకి ఆగిపోతుంది, అప్ప తెరిస్తే బావకి ఆగుతుంది. నెట్ సరిగా లేదని అందరం అనుకున్నాం. చివరికి సర్వర్లో "డబ్ల్యూజీ షో" అనే కమాండ్ కొట్టి కళ్లార్పకుండా చూస్తే, ఒకే పీర్ ఎదురుగా ఎండ్‌పాయింట్ (ఆ పరికరం ఇప్పుడు ఎక్కడి నుంచి మాట్లాడుతోందో చెప్పే చిరునామా) నంబరు నిమిషానికోసారి మారుతోంది, పలాసది ఒకసారి, విజయనగరానిది ఒకసారి. ఒక కీకి ఒకే చిరునామా గుర్తుంటుంది. చివరి ప్యాకెట్ ఎవరు పంపితే జవాబులన్నీ వాళ్లకే. అప్పకి వేరే కీ, 10.77.0.13 ఇచ్చిన నిమిషంలో ఇద్దరికీ వచ్చేసింది.

అలౌడ్ ఐపీస్ గడిలో ఏం రాయాలి

పేరు చూస్తే అనుమతి జాబితాలా ఉంటుంది గానీ, అదే దారి పట్టిక కూడా. సర్వర్ వైపు ఒక్కో ఫోన్‌కి దాని ఒక్క నంబరే రాయాలి, బావ ఫోన్‌కి 10.77.0.11/32. /32 అంటే ఆ ఒక్క నంబరే, /24 అంటే ఆ వరస మొత్తం. ఫ్యాక్టరీ పీర్‌కి మాత్రం రెండు: 10.77.0.2/32, దాని వెనకున్న 192.168.73.0/24. ఫోన్ వైపు 10.77.0.0/24, 192.168.73.0/24 రాస్తే ఫ్యాక్టరీకి వెళ్లేవే ఈ దారిన పోతాయి, యూట్యూబ్ వగైరా మామూలు దారిలో పోతాయి. 0.0.0.0/0 రాస్తే మొత్తం ఇంటర్నెట్ సర్వర్ మీదుగా తిరుగుతుంది, మన పనికి అది అనవసరం.

ఫ్యాక్టరీలో ఎప్పుడూ వెలిగి ఉండే రాస్ప్‌బెరీ పై అనే బుల్లి కంప్యూటర్ పెట్టాను (ఇక నుంచి దాన్నే 'పై' అంటాను), నంబరు 192.168.73.2. వైర్‌గార్డ్ నడిచేది దాని మీదే, ఐపీ ఫార్వార్డింగ్ దాంట్లో కూడా ఆన్ చేయాలి. రికార్డర్‌కి 10.77.0 వరస గురించి తెలియదు, జవాబును రౌటర్‌కి ఇస్తుంది, రౌటర్ బయటికి విసిరేస్తుంది. అందుకని రౌటర్లో స్టాటిక్ రూట్ పెట్టండి: 10.77.0.0/24కి దారి 192.168.73.2. మీ రౌటర్లో ఆ సదుపాయం లేకపోతే పై మీదే మాస్కరేడ్ పెట్టండి. అప్పుడు రికార్డర్‌కి అడిగింది పక్కనున్న పైనే అన్నట్టు కనిపిస్తుంది.

పలకరింపు ఎవరు చేయాలి

పర్సిస్టెంట్ కీప్‌అలైవ్ గడి ఫ్యాక్టరీ పై మీద తప్పనిసరి, 25 అని రాయండి. నాట్ పెట్టెలు యూడీపీ వరసను కనీసం రెండు నిమిషాలు గుర్తుంచుకోవాలని ప్రమాణం చెబుతుంది, 5 నిమిషాలైతే మేలంటుంది. ముప్పై సెకన్లకే మరిచిపోయే పెట్టెలు బయట చాలా ఉన్నాయి. 25 సెకన్ల పలకరింపు వాటినీ మేల్కొలిపి ఉంచుతుంది. ఇది లేకపోతే ఫ్యాక్టరీ దారి కాసేపటికే మూసుకుపోతుంది, బావ ఫోన్లో ఎంత కొట్టినా లోపలికి వెళ్లదు.

ఫోన్లో మాత్రం ఆ గడి ఖాళీగా వదిలేయండి. మాట మొదలుపెట్టేది ఫోనే, ఎప్పుడు తెరిస్తే అప్పుడు దారి పుడుతుంది. డేటా ఖర్చు భయం కాదు: 25 సెకన్లకొకటి చొప్పున రోజుకి 3,456 ప్యాకెట్లు, ఒక్కోటి 60 బైట్లు, మొత్తం రెండు లక్షల పైచిలుకు బైట్లు, ఒక ఫొటో అంత కూడా కాదు. నిద్రపోతున్న ఫోన్ రేడియోని అన్నిసార్లు లేపితే బ్యాటరీకి దెబ్బ. బయటి నుంచి ఫోన్‌కే ఏదైనా రావాలంటే అప్పుడు పెట్టుకోండి.

ఆండ్రాయిడ్‌లో యాప్‌కి బ్యాటరీ ఆప్టిమైజేషన్ తీసేయండి, ఆల్వేస్ ఆన్ వీపీఎన్ పెట్టండి (వీపీఎన్ అంటే ఇక్కడ మన సొంత దారే). దాని కిందే ఉండే "వీపీఎన్ లేకుంటే కనెక్షన్లు ఆపు" అనే మీటను మాత్రం ముట్టుకోకండి. అది ఆన్‌లో ఉంటే స్టేషన్ వైఫైలో ఓటీపీ అడిగే పేజీ రాకపోవచ్చు, ఆ పేజీ దాటకపోతే నెట్ ఉండదు, నెట్ లేకపోతే వీపీఎన్ ఉండదు.

గేటు దగ్గర పరీక్ష

ఫోన్లో పింగ్ యాప్ (అవతలి పరికరం పలుకుతోందా అని పదేపదే అడిగేది) ఒకటి వేసుకుని 10.77.0.2కి పింగ్ పెట్టండి. ఫ్యాక్టరీ వైఫై మీద మొదలుపెట్టి బయటికి నడవండి. మేం గేటు బయట వేపచెట్టు దాకా వెళ్లేసరికి వైఫై గుర్తు పోయి నెట్‌వర్క్ గుర్తు వచ్చింది. పింగ్ వరసలు ఒక్క క్షణం ఆగాయి, కొన్ని తప్పిపోయాయి, మళ్లీ అదే వరసలో అంకెలు దిగడం మొదలైంది. మేం ఏ బటనూ నొక్కలేదు. వెనక్కి నడిస్తే అదే జరిగింది.

తర్వాత రైల్లో చూశాం. పలాస నుంచి విజయనగరం దాకా నౌపడ, తిలారు, శ్రీకాకుళం రోడ్డు, చీపురుపల్లి మీదుగా టవర్లు మారుతూనే ఉంటాయి, మధ్యలో సిగ్నల్ లేని చోట్లూ వస్తాయి. సిగ్నల్ లేనప్పుడు ఏ పనిముట్టూ ఏమీ చేయలేదు. వచ్చిన వెంటనే మళ్లీ లాగిన్ అడగకుండా ట్యాలీ స్క్రీన్ ఉన్నచోటే ఉందా అన్నదే చూడాల్సింది. ఉంది.

పనిచేయకపోతే

సర్వర్లో "డబ్ల్యూజీ షో" చెప్పే లేటెస్ట్ హ్యాండ్‌షేక్ (రెండు వైపులా కీలు సరిచూసుకోవడం) సమయం చూడండి. మాట నడుస్తున్నప్పుడు రెండు నిమిషాలకోసారి కొత్త హ్యాండ్‌షేక్ జరుగుతుంది. మూడు నిమిషాలు దాటి పెరుగుతూ పోతే దారి తెగినట్టు. హ్యాండ్‌షేక్ తాజాగా ఉండి రికార్డర్ రాకపోతే తప్పు అలౌడ్ ఐపీస్‌లోనో, స్టాటిక్ రూట్‌లోనో ఉంది.

పింగ్ వస్తుంది, చిన్న పేజీ తెరుచుకుంటుంది, వీడియో మాత్రం నల్లగా ఉండిపోతుందంటే ప్యాకెట్ పెద్దదై మధ్యలో పడిపోతోంది. ఎంటీయూ (ఒక్క ప్యాకెట్ ఎంత పెద్దది కావచ్చో చెప్పే) గడిలో మామూలుగా ఉండే 1420 తీసేసి 1280 పెట్టండి.

ఏదో ఒక హోటల్ వైఫై మీదే అసలు కలవకపోతే, వాళ్లు తెలియని యూడీపీ పోర్టులు మూసి ఉండవచ్చు. సర్వర్లో వినే పోర్టుని 443కి మారిస్తే చాలాసార్లు దారి దొరుకుతుంది.

కరెంటు పోయి వచ్చాక ఫ్యాక్టరీ మాత్రమే కలవకపోతే పై గడియారం చూడండి. మా వైపు ఇది ముఖ్యం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది, చుట్టుపక్కల ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. పాత రాస్ప్‌బెరీ పైలలో బ్యాటరీ గడియారం ఉండదు, లేచినప్పుడు పాత సమయం చూపిస్తుంది. ప్రతి హ్యాండ్‌షేక్ మీద సమయం ముద్ర ఉంటుంది, ముందు చూసినదానికన్నా పాత ముద్ర వస్తే దొంగ కాపీ అనుకుని సర్వర్ పారేస్తుంది. నెట్ నుంచి సమయం సరిచేసుకున్నాక మళ్లీ కలుస్తుంది. పై మీద 0.0.0.0/0 రాసి ఉంటే సమయం అడగడానికి వెళ్లే ప్యాకెట్ కూడా తెగిపోయిన టన్నెల్లోకే పోతుంది, ఇక చాలాసేపు కలవకపోవచ్చు. కొన్ని వందలు పెట్టి గడియారపు మాడ్యూల్ కొని తగిలించడం ఇంకా మంచిది.

ఫోన్ పోతే సర్వర్లో ఆ ఒక్క పీర్‌ని తీసేసి, సెట్టింగుల ఫైల్లోంచి కూడా చెరిపేయండి, లేదంటే సర్వర్ రీస్టార్ట్ అయినప్పుడు అది తిరిగొస్తుంది. మిగతావాళ్ల లైన్లు అలాగే ఉంటాయి. బావ ఫోన్ ఒకసారి ఆటోలో పోయింది. ఆయన వేరే ఫోన్ నుంచి నాకు చెప్పిన రెండు నిమిషాల్లో 10.77.0.11ని తీసేశాను, అప్ప మాత్రం తన ఫోన్లో కెమెరా చూస్తూనే ఉంది.